మరిగించినా విరగని విషం: నీలి ఆకుపచ్చ నాచు కాలేయాన్ని ఎలా దెబ్బతీస్తుంది?

2014 ఆగస్టు 2 తెల్లవారుజామున అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరంలో ఒక హెచ్చరిక వెలువడింది. కుళాయి నీళ్ళు తాగవద్దు. మరిగించి కూడా తాగవద్దు. ఈరీ సరస్సు నుంచి సుమారు 5 లక్షల మందికి సరఫరా అయ్యే నీరు అది. వానాకాలం వచ్చిందంటే ‘నీళ్ళు కాచి చల్లార్చి తాగండి’ అన్న మాట వింటూ పెరిగినవాళ్ళం మనం. అందుకే ఆ హెచ్చరికలోని రెండో వాక్యం మనకు మరీ వింతగా తోస్తుంది.

కలరా, టైఫాయిడ్ క్రిములు నీళ్ళు మరిగితే చస్తాయి. టొలీడో నీటిలో భయపెట్టింది క్రిమి కాదు, క్రిమి తయారు చేసిన రసాయనం. ఆ క్రిమి నీలి ఆకుపచ్చ నాచు, రసాయనం పేరు మైక్రోసిస్టిన్. మరిగే వేడికి అది చెక్కుచెదరదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. ఒంట్లో ఇన్ని అవయవాలు ఉండగా ఈ విషం ముఖ్యంగా కాలేయం మీదే ఎందుకు పడుతుంది? ఒక్క ముక్కలో చెప్పాలంటే, కాలేయం తన రోజువారీ పని చేసుకుపోతూ ఆ విషాన్ని తానే లోపలికి తీసుకుంటుంది. విషయమంతా అక్కడే ఉంది.

నాచు అంటున్నాం గానీ, నాచు కాదు

నీలి ఆకుపచ్చ నాచు, నీలి ఆకుపచ్చ శైవలాలు, సయనోబాక్టీరియా అనే మూడు పేర్లూ ఒక్కటే. మొక్కల్లాగే ఎండను వాడుకుని ఆహారం తయారు చేసుకుంటాయి కాబట్టి పాతకాలం శాస్త్రజ్ఞులు వీటిని శైవలాల్లో కలిపారు. కానీ వీటి కణంలో కేంద్రకం ఉండదు. నిజానికి ఇవి బాక్టీరియా. వీటిలో చాలా జాతులు మనకు మేలు చేస్తాయి. వరి మడిలో గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించే జీవ ఎరువు కూడా ఈ కుటుంబానిదే. కాబట్టి పేరు వినగానే బెదరనక్కర్లేదు. కాలేయానికి ముప్పు తెచ్చేవి మైక్రోసిస్టిస్, ప్లాంక్టోథ్రిక్స్, డోలికోస్పెర్మమ్ వంటి కొన్ని ప్రజాతులు మాత్రమే.

మురుగు నుంచీ ఎరువుల నుంచీ వచ్చే భాస్వరం, నత్రజని, వాటికి తోడు మండే ఎండ, కదలిక లేని నీరు కలిస్తే ఇవి రోజుల్లోనే విపరీతంగా పెరుగుతాయి. పాఠ్యపుస్తకాలు దీన్నే శైవల మంజరి అంటాయి. మైక్రోసిస్టిస్ కణాల్లో సన్నని గాలి తిత్తులు ఉంటాయి. వాటి సాయంతో ఇవి నీటిపైకి తేలుతాయి. గాలి వాటిని ఒక ఒడ్డుకు నెట్టుకుపోతుంది. అందుకే ఒకే చెరువులో ఒక గట్టున నీరు తేటగా కనిపిస్తూ, ఎదురు గట్టున చిక్కటి ఆకుపచ్చ తెట్టు కట్టి ఉంటుంది. ఆ తెట్టు అంచులు ఎండిన చోట లేత నీలం చారలు కనిపిస్తాయి. కణాలు పగిలి బయటపడిన నీలి వర్ణకం అది. ఆ తెట్టులో కర్ర ముంచి తీస్తే కర్రకు పచ్చ రంగు పూసినట్టుంటుంది. మామూలు నాచైతే దారాల్లా వేలాడుతుంది. జాతిని గురించి ఈ పరీక్ష కొంత చెబుతుంది గానీ, విషం ఉందో లేదో చెప్పదు. సూక్ష్మదర్శిని కింద అచ్చంగా ఒకేలా కనిపించే రెండు మైక్రోసిస్టిస్ గుంపుల్లో ఒకదానికి మైక్రోసిస్టిన్ తయారు చేసే జన్యువులు ఉండవచ్చు, మరోదానికి ఉండకపోవచ్చు. ప్రయోగశాలలో కొలిస్తేనే తేలుతుంది.

ఏడు పూసల దండ

మైక్రోసిస్టిన్ ఏడు అమైనో ఆమ్లాలు గుండ్రంగా గుచ్చుకున్న చిన్న దండ. వాటిలో ఒకటి, ‘అడ్డా’ అని పిలిచేది, మన ఒంట్లోని ప్రొటీన్లలో ఎక్కడా లేని వింత అమైనో ఆమ్లం. రెండు స్థానాల్లో ఉండే అమైనో ఆమ్లాలు మారుతూ ఉంటాయి. ఇలాంటి మార్పుల వల్ల 200కు పైగా రకాలు ఏర్పడ్డాయి. ఎక్కువగా పరిశోధన జరిగినది మైక్రోసిస్టిన్-ఎల్ఆర్. దండ మూసుకుపోయి ఉంటుంది కాబట్టి మాంసకృత్తులను ముక్కలు చేసే మన జీర్ణరసాలకు దాన్ని తెంచడానికి కొస దొరకదు. వేడికి తట్టుకోవడానికీ ఈ గట్టి వలయమే కారణం. 1950ల చివర్లో కెనడా శాస్త్రజ్ఞులు దీన్ని మొదట వేరు చేసినప్పుడు, చిట్టెలుకలు ఎంత వేగంగా చనిపోయాయో చూసి ‘త్వరిత మృత్యు కారకం’ అని పేరు పెట్టారు.

కాలేయమే ఎందుకు?

మన కణాల చుట్టూ ఉండే పొర కొవ్వుతో అల్లినది. మైక్రోసిస్టిన్ నీటిలో కరిగే, కాస్త పెద్ద అణువు. ఆ పొరను అది తనంతట తాను దాటలేదు. దానికి తలుపు కావాలి.

ఆ తలుపులు కాలేయ కణాలకు సమృద్ధిగా ఉన్నాయి. ఓఏటీపీ అనే రవాణా ప్రొటీన్లు అవి. రక్తంలోని పిత్త ఆమ్లాలను, బిలిరుబిన్‌ను, కొన్ని మందులను లోపలికి లాక్కోవడం వాటి పని. కొలెస్ట్రాల్ తగ్గించడానికి వేసుకునే స్టాటిన్ మాత్రలు కూడా చాలావరకు ఈ తలుపుల గుండానే కాలేయంలోకి చేరతాయి. రక్తాన్ని వడకట్టి, అక్కర్లేనిదాన్ని పైత్యరసంలో కలిపి పంపేయాలంటే ముందు దాన్ని లోపలికి తీసుకోవాలి కదా. మైక్రోసిస్టిన్ ఆ దారినే లోపలికి వస్తుంది. కాలేయం దాన్ని శుద్ధి చేయవలసిన సరుకుగా భావించి తీసుకుంటుంది.

ఇది ఊహ కాదనడానికి ఒక ముచ్చటైన రుజువు ఉంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ తలుపులను అడ్డుకుంటుంది. ముందుగా ఆ మందు ఇచ్చిన చిట్టెలుకలకు మైక్రోసిస్టిన్ నుంచి రక్షణ లభించింది. తలుపు మూసేస్తే విషం బయటే ఉండిపోయింది. ప్రాణాంతకమైన అమానిటా పుట్టగొడుగు విషం కూడా కాలేయంలోకి ఇలాంటి తలుపు గుండానే వెళ్తుంది.

దీనికి శరీర నిర్మాణం కూడా తోడవుతుంది. పేగులు పీల్చుకున్నది ముందుగా గుండెకు వెళ్ళదు. కాలేయ నిర్వాహక సిర ద్వారా నేరుగా కాలేయానికి వెళ్తుంది. తాగిన నీటిలోని విషానికి తొలి మజిలీ అదే. అయితే పేగు గోడ ఈ విషాన్ని అంత తేలిగ్గా పోనివ్వదు. చిట్టెలుక ఉదర కుహరంలోకి (జీర్ణాశయంలోకి కాదు) సూదితో ఎక్కిస్తే శరీర బరువు కిలోకు 50 మైక్రోగ్రాముల దగ్గరే సగం చిట్టెలుకలు చనిపోతాయి. అదే నోటి ద్వారా ఇస్తే దాదాపు 5,000 మైక్రోగ్రాములు కావాలి. ఈ నూరు రెట్ల తేడాను గుర్తుంచుకోండి. కాసేపట్లో బ్రెజిల్ గురించి మాట్లాడేటప్పుడు అవసరమవుతుంది.

కణం లోపల: పందిరి తాళ్ళు వదులైతే

కణంలో ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు ఉంటాయి. వాటిని కైనేజ్‌లు అంటారు. ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైములను ఫాస్ఫటేజ్‌లు అంటారు. ఈ తగిలించడం, ఊడదీయడం క్షణక్షణం జరుగుతుంటాయి. కణం నడవడిక చాలావరకు ఈ రెండింటి తూకం మీద ఆధారపడుతుంది.

కాలేయ కణానికి ఆకారాన్నిచ్చేది లోపల అల్లుకున్న సన్నని పోగుల చట్రం. పెళ్ళి పందిరిని ఊహించుకోండి. రాటలు నిలబడాలంటే తాళ్ళు బిగిసి ఉండాలి. ఫాస్ఫేట్ తగిలితే ఈ తాళ్ళు వదులవుతాయి, ఊడితే మళ్ళీ బిగుస్తాయి. కణం అవసరం కొద్దీ ఒకచోట వదులు చేస్తూ, మరోచోట బిగిస్తూ సర్దుకుంటుంది. మైక్రోసిస్టిన్ వచ్చి సరిగ్గా బిగించేవాడి చేతులు కట్టేస్తుంది. పీపీ1, పీపీ2ఏ అనే రెండు ప్రధాన ఫాస్ఫటేజ్‌ల పనిచేసే గుంటలోకి ‘అడ్డా’ తోక చీలలా దిగిపోతుంది. తొలి నిమిషాల్లో ఆ పట్టు వదిలించుకోదగినదే. కొన్ని గంటలు గడిస్తే ఎంజైములోని సిస్టీన్ అనే ఒక అమైనో ఆమ్లంతో విషం శాశ్వత బంధం వేసుకుంటుంది. ఇక ఆ ఎంజైము పోయినట్టే. కణం కొత్తది తయారు చేసుకోవలసిందే. ఈ విషానికి నిరూపితమైన విరుగుడు నేటికీ లేదు. ఆసుపత్రిలో చేయగలిగింది కాలేయం తేరుకునేదాకా రోగిని నిలబెట్టడం.

కైనేజ్‌లు మాత్రం తమ పని ఆపవు. వదులు చేసేవాడు చేస్తూనే ఉంటాడు, బిగించేవాడు లేడు. పందిరి కుంగుతుంది. పలకల్లా ఒకదానినొకటి అంటిపెట్టుకుని వరుసగా ఉండే కాలేయ కణాలు గుండ్రంగా ముడుచుకుపోతాయి, పైపొర మీద బుడిపెలు లేస్తాయి, పక్క కణంతో పట్టు తెగుతుంది. ఆ వరుసల నడుమ సన్నని రక్త మార్గాలు ఉంటాయి. గోడ కూలాక రక్తం ఆ ఖాళీల్లోకి చిమ్ముతుంది. పెద్ద మోతాదు ఎక్కించిన చిట్టెలుకల్లో కాలేయం కొద్ది గంటల్లోనే రక్తంతో ఉబ్బి నల్లటి ఎరుపుకు తిరుగుతుంది. శరీరంలోని రక్తం శరీరంలోనే, కాలేయంలోకే కారిపోయి ప్రాణం పోతుంది.

మోతాదు అంత లేనప్పుడు నష్టం నెమ్మదిగా జరుగుతుంది. కణంలో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. విషాన్ని కట్టడి చేసి బయటికి పంపే గ్లూటాథియోన్ ఖర్చయిపోతుంది. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు తరిగిపోయేది కూడా ఇదే. కణాల పొరలు చిరిగి లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. రక్తపరీక్ష కాగితం మీద ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అంకెలు పెరగడం అంటే జరిగింది ఇదే. 2007 జనవరిలో అర్జెంటీనాలోని సాల్టో గ్రాండే జలాశయంలో తెట్టు మధ్య జల క్రీడ ఆడి, ఆ నీటిలో పడిన ఒక యువకుడికి మొదట వాంతులు, జ్వరం, ఊపిరి ఇబ్బంది వచ్చాయి. వారం తర్వాత కాలేయం దెబ్బతిన్నట్టు బయటపడింది. ఆ నీటిలో లీటరుకు 48.6 మైక్రోగ్రాముల మైక్రోసిస్టిన్ ఉంది. 20 రోజుల్లో అతను కోలుకున్నాడు.

కరువారు, 1996: నోటి దారి తప్పితే

ఈ విషం గురించి మనుషులకు తెలిసినదానిలో అత్యంత బాధాకరమైన పాఠం ఈశాన్య బ్రెజిల్‌లోని కరువారు పట్టణానిది. 1996 ఫిబ్రవరిలో అక్కడి ఒక డయాలసిస్ కేంద్రంలో 131 మంది రోగుల్లో 116 మందికి డయాలసిస్ తర్వాత చూపు మసకబారడం, వికారం, వాంతులు మొదలయ్యాయి. 100 మందికి కాలేయం ఒక్కసారిగా విఫలమైంది. ఆ ఏడాది డిసెంబరు నాటికి ఈ విషానికే ఆపాదించదగిన మరణాలు 52. ట్యాంకర్లలో తెచ్చిన జలాశయపు నీరు పూర్తిగా శుద్ధి కాలేదు. కేంద్రంలోని వడపోత సామగ్రిలోనూ, చనిపోయినవారి రక్తంలో, కాలేయంలోనూ మైక్రోసిస్టిన్ దొరికింది.

నీటిలో అది లీటరుకు సుమారు 19.5 మైక్రోగ్రాములు ఉండి ఉంటుందని తర్వాత అంచనా కట్టారు. అర్జెంటీనా జలాశయంలో ఉన్నదానికంటే ఇది తక్కువ. మరి ఇంతమంది ఎలా చనిపోయారు? లెక్క వేసి చూద్దాం. రోజుకు 2 లీటర్లు తాగే మనిషి వారంలో 14 లీటర్ల నీటిని పేగుకు చూపిస్తాడు. డయాలసిస్ రోగికి ఒక్కో విడతకు దాదాపు 120 లీటర్ల నీరు వాడతారు. వారానికి మూడు విడతలంటే 360 లీటర్లు. ఆ నీటికీ, రోగి రక్తానికీ మధ్య ఒక పలుచని పొర మాత్రమే అడ్డు. ఆ పొరను దాటగలిగేంత చిన్నది మైక్రోసిస్టిన్ అణువు. పేగు గోడ అనే కాపలా ఇక్కడ లేనే లేదు. ఇందాకటి నూరు రెట్ల తేడా మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది ఇక్కడే. ఉద్దానం కారణంగా డయాలసిస్ అన్న మాట మన ఇళ్ళలోకి వచ్చేసింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి యంత్రంలోకి వెళ్ళే నీరు తాగే నీటికంటే ఎంత శుభ్రంగా ఉండాలో కరువారు చెబుతుంది.

కొద్దికొద్దిగా, ఏళ్ళ తరబడి: క్యాన్సర్ వాదం

పెద్ద మోతాదులో ఈ విషం కణాన్ని చంపుతుంది. చిన్న మోతాదులో పరిస్థితి తిరగబడవచ్చు. పీపీ2ఏ చేసే పనుల్లో ఒకటి, ‘విభజన ఆపు’ అని కణానికి కళ్ళెం వేయడం. ఆ కళ్ళెం కాస్త సడలితే కణం చావదు, పెరుగుతుంది. అంతకుముందే ఏదో కారణంగా దెబ్బతిన్న కణం పెరిగితే కణితి అవుతుంది. ఎలుకల ప్రయోగాల్లో మైక్రోసిస్టిన్ ఇలా కణితులను ప్రోత్సహించింది.

మనుషుల విషయంలో ఇక్కడే చిక్కు ఉంది. చైనాలో హైమెన్, ఫూసుయి ప్రాంతాల్లో చెరువు నీళ్ళు, కాలువ నీళ్ళు తాగేవారిలో కాలేయ క్యాన్సర్ లోతైన బావి నీళ్ళు తాగేవారికంటే ఎక్కువగా కనిపించింది. ఆ నీటిలో మైక్రోసిస్టిన్ ఉంది. ఒక వర్గం శాస్త్రజ్ఞులకు ఇది బలమైన సూచన. మరో వర్గం అడిగే ప్రశ్న కూడా న్యాయమైనదే: అక్కడే హెపటైటిస్-బి ఎక్కువ, బూజు పట్టిన ధాన్యంలోని అఫ్లటాక్సిన్ ఎక్కువ, ఆ రెండూ కాలేయ క్యాన్సర్‌కు రుజువైన కారణాలు, ఇక నీటి వంతు ఎంత? అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు 2006లో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్‌ను ‘క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది’ అనే 2బి వర్గంలో పెట్టారు. అంటే జరిగే విధానం గట్టిగా తెలుసు, మనుషుల్లో రుజువు చాలదు అని. నా దృష్టిలో ఈ రెండు వాదాలు ఒకదానినొకటి కొట్టేసుకోవు. ఇతర కారణాలు అప్పటికే గాయపరిచిన కాలేయానికి ఈ విషం ఎక్కువ హాని చేస్తుందన్న మాట రెండింటికీ సరిపోతుంది. కొవ్వు పట్టిన కాలేయమున్న చిట్టెలుకల్లో నష్టం ఎక్కువగా కనిపించడం కూడా అటువైపే చూపుతోంది.

ఒక మైక్రోగ్రాము అన్న హద్దు ఎలా వచ్చింది?

తాగునీటిలో లీటరుకు 1 మైక్రోగ్రాము అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవితకాలపు హద్దు. ఒక్క గ్రాము విషం 10 వేల లీటర్ల ట్యాంకర్లు నూరింటిలో సమంగా కలిస్తే వచ్చే గాఢత అది. లెక్క ఇలా సాగింది. 13 వారాల ప్రయోగంలో, శరీర బరువు కిలోకు రోజుకు 40 మైక్రోగ్రాములు తిన్న చిట్టెలుకల కాలేయానికి హాని కనబడలేదు. చిట్టెలుకకూ మనిషికీ తేడా ఉంది కాబట్టి దాన్ని పదితో భాగించారు. మనిషికీ మనిషికీ తేడా ఉంది కాబట్టి మరో పది. జీవితకాలపు సమాచారం చాలదు కాబట్టి ఇంకో పది. మిగిలింది 0.04. 60 కిలోల మనిషికి రోజుకు 2.4 మైక్రోగ్రాములు. అందులో 80 శాతం నీటి వంతు అనుకుంటే 1.92. రోజుకు 2 లీటర్లు తాగుతాడు కాబట్టి లీటరుకు 0.96, అంటే ఇంచుమించు 1. కొద్దికాలం మాత్రమే తాగే నీటికి చివరి పదిని వదిలేసి, మొత్తాన్నీ నీటికే కేటాయించి 12 అన్నారు.

అమెరికా పర్యావరణ సంస్థ 2015లో పది రోజుల వ్యవధికి బడి ఈడు రాని పిల్లలకు 0.3, మిగతావారికి 1.6 అని వేరువేరుగా చెప్పింది. సీసా పాలు తాగే 5 కిలోల పసిబిడ్డ రోజుకు ముప్పావు లీటరు నీరు తీసుకుంటుందనుకోండి. కిలోకు 150 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళకు అది 33 మాత్రమే. ఒకే నీటి నుంచి బిడ్డ కాలేయానికి నాలుగు రెట్లకు మించి చేరుతుంది. రెండు సంస్థల మధ్య తేడా ఏ ప్రయోగాన్ని, ఎవరి బరువును, ఎన్ని రోజులను లెక్కకు తీసుకోవాలన్న దగ్గర వచ్చింది. పసివాళ్ళను విడిగా లెక్కించడమే నాకు సబబుగా అనిపిస్తుంది.

మైలుతుత్తం చల్లితే ఏమైంది

1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపంలో 148 మంది, వారిలో 138 మంది పిల్లలు, హెపటైటిస్ లాంటి జబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు. అంతకు కొద్ది రోజుల ముందు అక్కడి సోలమన్ ఆనకట్ట నీటిలో నాచు పెరిగిందని కాపర్ సల్ఫేట్, అంటే మన మైలుతుత్తం, చల్లారు. ఆ నీటిలో పెరిగే జాతి మైక్రోసిస్టిస్ కాదు. దాని విషం పేరు సిలిండ్రోస్పెర్మాప్సిన్. అది ఫాస్ఫటేజ్‌ల జోలికి పోదు, కణం కొత్త ప్రొటీన్లు తయారు చేసుకోకుండా ఆపుతుంది. అందుకే లక్షణాలు నిదానంగా, రోజుల మీద ముదురుతాయి. కాలేయంతోపాటు మూత్రపిండాలూ దెబ్బతింటాయి. రాగి ఎక్కువై అలా జరిగిందని వాదించినవారూ ఉన్నారు. నాచు విషమే కారణమన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఏ వివరణను ఒప్పుకున్నా, తెట్టు కట్టిన నీటి మీద మందు చల్లడంలోని ప్రమాదం అర్థమవుతుంది. మైక్రోసిస్టిన్ చాలావరకు బతికున్న కణాల లోపలే ఉంటుంది. కణాలను చంపితే అవి పగిలి, విషమంతా ఒక్కసారిగా నీటిలో కరుగుతుంది. అందుకే నీటి శుద్ధి కేంద్రాల్లో ముందుగా కణాలను పగలకుండా వడకట్టి తీసేస్తారు. కరిగి మిగిలిన విషానికి ఉత్తేజిత బొగ్గు వాడతారు. క్లోరిన్ కూడా పనిచేస్తుంది గానీ, తగినంత మోతాదు, తగినంత సమయం, మరీ క్షారం కాని నీరు ఉండాలి.

చెరువు చేప, పచ్చ మాత్ర

మేత, ఎరువు మిగిలిపోయే చేపల చెరువుల్లో ఈ తెట్టు కట్టడం కృష్ణా, గోదావరి జిల్లాల రైతులకు తెలియనిది కాదు. చేపలో విషం కండలోకంటే కాలేయంలో, పేగుల్లో ఎక్కువ పేరుకుంటుంది. కడుపు శుభ్రం చేసి వండే పెద్ద చేపకూ, తలతోక సహా తినే చిన్న చేపకూ తేడా అక్కడే.

ఇక బలానికని అమ్మే పచ్చ మాత్రల సంగతి. వాటిలో వాడే స్పిరులినా కూడా నీలి ఆకుపచ్చ నాచే గానీ, తాను మైక్రోసిస్టిన్ చేసే జాతి కాదు. తెరిచిన మడుగులో పెంచేటప్పుడు విష జాతులు కలవకుండా చూసుకోవడమే సమస్య. అమెరికాలోని ఒరెగాన్‌లో క్లామత్ సరస్సు నుంచి సేకరించే అఫానిజోమెనాన్ అనే మరో జాతి పొడిలో మైక్రోసిస్టిస్ కలుస్తుండడంతో, ఆ రాష్ట్రం 1997లో గ్రాముకు 1 మైక్రోగ్రాము అని హద్దు పెట్టింది. ఆ హద్దు దగ్గరే ఉన్న పొడిని రోజుకు 2 గ్రాములు తింటే ఒంట్లోకి వెళ్ళేది 2 మైక్రోగ్రాములు. ఇందాకటి లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి 2.4 దాకా పరవాలేదు. అదే పొడిని, అదే మోతాదులో, ఆకలి పెరుగుతుందని 15 కిలోల పిల్లవాడికి పెడితే? అతని హద్దు 0.6.